పప్పు ఉడకని నీళ్ళు

కమలాపురం,
ఆదివారం పొద్దున

బావా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు ప్రశ్నలు వేసి, మధ్యలో ఎవరితోనో అరబ్బీలో పోట్లాడి, చివర్లో "జవాబు వెంటనే చెప్పు" అని పెట్టేశావు. వెంటనే చెప్పేసే జవాబు కాదది. ఫోనులో చెబితే సగం నువ్వు వింటావు, సగం మీ కఫీల్, అదే నీ యజమాని, వింటాడు. అందుకే కాగితం తీశాను. రాసింతర్వాత ఫొటోలు తీసి పంపుతాను. ముప్పై ఏళ్ళు పిల్లకాయలకు సైన్సు చెప్పినోణ్ణి, కొంచెం పాఠంలాగా ఉంటే ఓర్చుకో.

ముందు ఇంటి సంగతి. స్లాబు పడి ఇరవై రోజులైంది. మీ అన్న రోజూ పొద్దున సాయంత్రం వచ్చి స్లాబు మీద కట్టిన మడవల్లో నీళ్ళు నింపి పోతున్నాడు. పడమటి పక్క లెట్రిన్ గుంత తవ్వడం అయిపోయింది. బోరు పాయింటు ఈశాన్యంలో అని మేస్త్రీ సున్నంతో ముగ్గు కూడా వేశాడు. నీకు వాస్తు ఎందుకు మేస్త్రీ అంటే, "అది అందరికీ ఒకటే సార్" అన్నాడు. సరే.

నీ ప్రశ్నలు ఇవి. బోరు వేయించాలా, కొళాయి చాలా? అక్కడి నుంచి మంచి ఫిల్టరు మిషను తేవాలా? రూములో మన జిల్లావాళ్ళంతా అంటున్నారట, పులివెందుల యురేనియం మన నీళ్ళల్లోకి వచ్చేసిందా?

మూడూ విన్నాక నాకు ముందు గుర్తొచ్చింది మీ అమ్మీ. బోరింగు నీళ్ళు తెస్తే బిందె అట్లే వెనక్కి పంపించేది. "ఈ నీళ్ళల్లో దాల్ గలదు" అనేది. గలదు అంటే ఉడకదని తెలియడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది. మనిద్దరం చెరొక బిందె ఎత్తుకుని ఏటికి పోయేవాళ్ళం. పాపాఘ్నిలో మోకాలి లోతు చెలమ తవ్వి, మొదట ఊరిన మురికి నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడిపారేసి, కాసేపు కూర్చుంటే కింద ఇసుక గింజలు లెక్కపెట్టేంత తేటగా నీళ్ళు ఊరేవి. మనకు అది ఆట. మీ అమ్మీకి అది పరీక్ష. పప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడకకపోతే కావు. ఆమె బడికి పోలేదు గానీ ఆ పరీక్షలో తప్పు లేదు. సున్నపు నీళ్ళల్లోని కాల్షియం కందిపప్పు పొరల్లోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. ఎంత మంట పెట్టినా బద్ద బద్దగానే ఉంటుంది. సబ్బు నురగ రాకపోవడానికీ అదే కారణం. ఈ మాట పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి, మీ అమ్మీ పేరు ఎత్తకుండా.

మన నీళ్ళు ఎందుకిట్లా ఉన్నాయంటే, మనం కూర్చున్న బండ అట్లాంటిది. కడప బండలని దేశమంతా వంటింట్లో పరుచుకుంటారే, ఆ నాపరాయి సున్నపురాయే. జమ్మలమడుగు పక్క నార్జి పేరు మీద భూగర్భశాస్త్రంలో ఒక పొరకే నార్జి సున్నపురాయి అని పేరుంది. వేంపల్లె పేరుమీద ఇంకో పొర ఉంది, అది డోలమైటు, అంటే కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న రాయి. విలియం కింగ్ అనే దొర 1872లోనే ఈ కడప, కర్నూలు బండలన్నిటి మీదా పెద్ద గ్రంథం రాశాడు. వాన నీళ్ళు ఈ రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి నానితే రాయి కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఎర్రగుంట్ల చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయో, మా ఇంట్లో ఇడ్లీ గిన్నె అడుగున తెల్ల పెచ్చులు ఎందుకు కడతాయో, రెంటికీ ఒకటే కారణం. ఏరు అట్లా కాదు. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, చాలా దూరం నల్లరాతి నేల మీద వచ్చి, గండి దగ్గర కొండ చీల్చుకుని మన దిక్కు దిగుతుంది. వరద నీళ్ళు ఇసుకలో ఆగేది కొన్ని నెలలే. అందుకే చెలమ నీళ్ళల్లో పప్పు మెత్తగా ఉడికేది.

తెల్లపెచ్చు చూసి భయపడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అది నీ రుచిని, నీ సబ్బును, నీ గీజరును చెడగొడుతుంది. నిన్ను కాదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి రాసిపెట్టిన లెక్కలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే నీళ్ళు దొరకకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. మొత్తం కరిగిన లవణాలు, అదే అందరూ టీడీఎస్ టీడీఎస్ అంటారే, 500 లోపు ఉండాలి, గతిలేకపోతే 2000. కిడ్నీలో రాళ్ళు ఈ నీళ్ళవల్లే అంటారు మనోళ్ళు. మన ఎండలో చెమటోడ్చి, నీళ్ళు చాలినన్ని తాగకపోవడం అంతకంటే పెద్ద కారణం. నీకూ ఆ మాట వర్తిస్తుంది. అక్కడ జూన్‌లో బండి మీద తిరుగుతూ పెప్సీ తాగి నీళ్ళు తాగానంటావు.

అన్నట్టు, నువ్వుండే కువైట్ దేశంలో ఒక్క ఏరూ లేదు గదా. ఒకప్పుడు వాళ్ళు ఇరాక్ పక్క షత్తల్ అరబ్ నుంచి తెరచాప పడవల్లో మంచినీళ్ళు తెచ్చుకుని అమ్ముకునేవాళ్ళు. 1950లలో సముద్రాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి తాగడం మొదలుపెట్టారు. అట్లా వచ్చిన నీళ్ళల్లో రుచికి, పైపులు తినకుండా ఉండటానికి కొంచెం భూగర్భజలం కలుపుతారు. చూడు, వాళ్ళు డబ్బు పెట్టి కలుపుకునే దాన్ని మనం డబ్బు పెట్టి తీయించుకుంటున్నాం.

ఫిల్టరు మిషను సంగతికి వస్తా. పోయిన నెల మన వీధికి టై కట్టుకున్న పిల్లోడొకడు వచ్చాడు. మా అరుగు మీదే దుకాణం పెట్టాడు. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో మా కొళాయి నీళ్ళు, ఇంకోదాంట్లో వాడు తెచ్చుకున్న మిషను నీళ్ళు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరం రెంటిలో ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో మా నీళ్ళు ముందు పచ్చగా, తర్వాత గోధుమరంగు బురదగా మారి, మీద తెట్టు కట్టింది. వాడి గ్లాసు అట్లనే తేటగా ఉంది. వీధిలో ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "ఇదా మేం తాగేది!" అని ఎదురింటి పెద్దమ్మ కూలబడింది.

నేను లోపలికి పోయి చిటికెడు ఉప్పు తెచ్చాను. "నాయనా, ఇది నీ మంచి గ్లాసులో వేసి ఇంకోసారి పెట్టు" అన్నాను. వద్దు సార్ అన్నాడు. వీధి ఊరుకుంటుందా? పెట్టించారు. అంతకంటే నల్లగా వచ్చింది బురద. అది నీళ్ళల్లో నుంచి వచ్చింది కాదు బావా, ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేస్తే పారదు. అంతే కిటుకు. జనం నవ్వుకుంటూ పోయారు. పిల్లోడు మాత్రం గ్లాసులు కడుక్కుంటూ, "సార్, నెలకు పది అమ్మితేనే జీతం సార్" అన్నాడు. అప్పుడు నాకు ఉప్పు తెచ్చినందుకు కొంచెం బాధేసింది. మజ్జిగ ఇచ్చి పంపించాను. ఇంత చేసినా ఆ సాయంత్రమే రెండిళ్ళవాళ్ళు మిషను కొన్నారు. ఒకరు ఎదురింటి పెద్దమ్మే.

ఆ మిషను చెడ్డదని కాదు. అవసరం ఉన్నచోట దాన్ని మించింది లేదు. కానీ ఒక లీటరు మంచినీళ్ళు ఇచ్చి రెండు మూడు లీటర్లు కాలవలో పారబోస్తుంది. వేసవిలో మనకు బిందె నీళ్ళు ఎంత విలువో నీకు చెప్పాలా? టీడీఎస్ 500 కంటే తక్కువున్న చోట ఈ మిషన్లు ఆపండని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. ఇంకో మాట. ఆ పిల్లోడి జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరుంది. దానికి ఉప్పు తెలుసు, సున్నం తెలుసు. క్రిమి తెలియదు. వానాకాలం గుంతలోని మురుగు ఒక చెంచా మిషను నీళ్ళల్లో కలిపి ఆ మీటరు పెట్టినా, అంకె పెద్దగా కదలదు.

యురేనియం సంగతి అంత తేలిగ్గా తీసేసేది కాదు. పులివెందుల పక్క వేముల మండలం తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49 వేల టన్నులు ఖాయంగా ఉందని, లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చని చెప్పినప్పుడు పేపర్లన్నీ మోగిపోయాయి. నువ్వు అప్పుడు సెలవు మీద వచ్చి, "మన జిల్లాకు దశ తిరిగింది" అన్నావు. అక్కడ ముడి ఖనిజం ఉన్నది వేంపల్లె డోలమైటులోనే, మన ఇడ్లీ గిన్నెకు పెచ్చు కట్టించే రాయికి దాయాది. ఆ రాయి ఆమ్లం పోస్తే ఆమ్లాన్నే తినేస్తుంది. అందుకని అక్కడ క్షారంతో, సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో యురేనియాన్ని కరిగించి తీస్తారు. మిగిలిన పిండి బురదంతా గట్టుకట్టిన చెరువులోకి పోతుంది. ఆ చెరువు పక్క కనంపల్లె, మబ్బుచింతలపల్లె, కొట్టాల రైతులు బోర్ల నీళ్ళు మారిపోయాయనీ, అరటి తోటలు ఎండిపోయాయనీ, ఒంటికి దద్దుర్లు వస్తున్నాయనీ ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు కూడా ఇచ్చింది. గని నడిపే సంస్థ మాత్రం దానికీ మాకూ సంబంధం లేదంటూ వచ్చింది. నా మట్టుకు నేను చెప్పేదేంటంటే, ఆ ఊళ్ళ వాళ్ళు అడిగేది భిక్ష కాదు, తమ బోర్లో ఏముందో అంకెతో సహా చూపించమని. అది వాళ్ళ హక్కు.

అయితే ఆ చెరువు కథను తెచ్చి మన కొళాయికి కట్టేయడం సరికాదు. యురేనియం గని లేకపోయినా ఇట్లాంటి రాళ్ళల్లో సహజంగానే కొంత నీళ్ళల్లోకి దిగుతుంది, నీళ్ళల్లో బైకార్బొనేటు ఎక్కువుంటే ఇంకొంచెం ఎక్కువ దిగుతుంది. రాజస్థాన్, గుజరాత్ బోర్లలో అమెరికా డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో బయటపెట్టింది ఇదే. గని లేని ఊళ్ళు అవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి లీటరుకు 30 మైక్రోగ్రాములు హద్దు అంటోంది, మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాకా ఒప్పుకుంది. రేడియేషన్ కంటే ముందు అది కిడ్నీలను విషంలాగా దెబ్బతీస్తుంది. రుచి లేదు, రంగు లేదు, కాచినా పోదు. కాబట్టి బోరు వేస్తే, ఏ బోరుకు ఆ బోరు నీళ్ళు ల్యాబుకు పంపించాలి. పక్కింటి బోరు బాగుందని నీది బాగుంటుందని కాదు. రూములో అందరూ అన్నారనీ కాదు.

ఫ్లోరైడూ అంతే. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట పుస్తకాలకెక్కించింది మనకు పక్కనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి దిక్కు ఊళ్ళల్లో. షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు రాశారు. పళ్ళ మీద గోధుమ చారలు, నడివయసుకే వంగిపోయిన నడుములు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. మన జిల్లాలోనూ కొన్ని మండలాల లోతు బోర్లలో అది దాటుతుంది. లోతుకు పోయేకొద్దీ మంచినీళ్ళు పడతాయన్న మాట నమ్మొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే ఇంత కాగితం చింపాను.

ఆషాఢంలో మొదటి వానలు పడ్డ వారం మా మనవడికి వాంతులు, విరేచనాలు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డాక్టరు "నీళ్ళు ఎక్కడివి తాగుతారు?" అంటే నేను రొమ్ము విరుచుకుని, "కొళాయి నీళ్ళు సార్, అద్దంలా ఉంటాయి" అన్నాను. ఆయన నవ్వలేదు. "అద్దంలా ఉన్నాయని ఎవరు చెప్పారు, అద్దమా?" అన్నాడు.

మన పక్క పల్లెలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పించారు గదా, వాళ్ళల్లో ఒకతె. ఆ అమ్మాయి దగ్గర నాలుగు చిన్న సీసాలు అడిగి తెచ్చుకున్నాను. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ వాళ్ళు 1982లో కనిపెట్టిన చవక పరీక్ష అది. సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చగా ఉండేచోట ఒకటి రెండు రోజులు పెట్టాలి. పేగుల్లో బతికే క్రిములతో పాటు తిరిగే కొన్ని బ్యాక్టీరియాలు కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వాయువును తయారుచేస్తాయి. అది సీసాలోని ఇనుముతో కలిస్తే నీళ్ళు నల్లగా అవుతాయి. అంటే మలం కలిసి ఉండొచ్చని గుర్తు.  బడి పిల్లోడికి కూడా అర్థమవుతుంది.

వీధి చివర పెద్ద పైపు మీదున్న కొళాయిది ఒక సీసా. పక్కింటిది ఒకటి. మా ఇంటి కొళాయిది ఒకటి. వంటింటి బిందెలోది ఒకటి. పేర్లు రాసి పొయ్యి పక్క గూట్లో పెట్టాను. మా ఆవిడ ఊరగాయ జాడీలు జరపాల్సి వచ్చిందని సణిగింది.

మర్నాటి సాయంత్రానికి వీధి కొళాయి సీసా లేత రంగులోనే ఉంది. పక్కింటిదీ అంతే. మాది, మా బిందెది, రెండూ కాటుక.

నాకు నమ్మబుద్ధి కాలేదు. వీధిలో బాగున్న నీళ్ళు మా గడప దాటేలోపల ఎట్లా చెడిపోతాయి? ఉన్నదే పన్నెండు అడుగులు. ప్లంబర్‌ను పిలిపించి తవ్వించాను. రోడ్డు పక్క మురుగు కాలవ ఉంది చూడు, మా ఇనుప పైపు సరిగ్గా దాని అడుగున, ఆ బురదలో పడుకుని ఉంది. పైకి తీస్తే కాలవ మధ్యలో చిటికెన వేలు దూరేంత చిల్లు. తుప్పు పట్టి ఆకులాగా అయిపోయింది.

ఆ పైపు వేయించింది ఎవరనుకున్నావు? నేనే. ఇరవై ఏళ్ళ కిందట సిమెంటు రోడ్డు పగలగొడితే డబ్బులు కట్టాలని, "కాలవలో నుంచి దూర్చేయప్పా, ఏం గాదు" అన్నది నేనే. ఇంకెవరినీ అనడానికి లేదు.

జరిగేది ఇది. నీళ్ళు వదిలే గంటసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లులో నుంచి నీళ్ళు బయటికి కారతాయి. వదలడం ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు కాలవలోది లోపలికి దిగుతుంది. మర్నాడు మళ్ళీ వదలగానే మొదటి బిందెలోకి వచ్చేది అదే. దీనికి తోడు మా ఇంట్లో మోటారు. అందరూ బిగించారని నేనూ బిగించాను. నీళ్ళు సన్నగా వస్తున్నప్పుడు మోటారు వేస్తే అది పైపును పీలుస్తుంది. పీల్చేది మంచినీళ్ళనే కాదు, చిల్లు దగ్గర ఏముంటే దాన్ని. ఒత్తిడి, శూన్యం అని బోర్డు మీద బొమ్మలేసి చెప్పినోణ్ణి, మా ఇంటి ముందు ఏం జరుగుతుందో చూసుకోలేదు.

2018 మార్చిలో గుంటూరులో అతిసారం పది మందికి పైగా ప్రాణాలు తీసింది. మంచినీళ్ళ పైపుల్లో మురుగు కలిసింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో కూడా చావులు చూశాం. చనిపోయినవాళ్ళెవరూ యురేనియంతోనో ఫ్లోరైడుతోనో చనిపోలేదు. సున్నంతో అసలే కాదు. మన భయాలన్నీ దూరపు కొండల మీద ఉంటాయి, జబ్బు మన గడప దగ్గర కాలవలో ఉంటుంది.

పైన మన చెలమ సంగతి రాశాను గదా. దానికి సంబంధించి ఒక కథ ఉంది, మా మనవడికి చెబితే నిద్రపోయాడు, నువ్వైనా విను. 1892లో జర్మనీలో హాంబర్గ్ పట్నంలో కలరా వచ్చింది. ఎనిమిదిన్నర వేల మందికి పైగా పోయారు. ఆనుకునే అల్టోనా అని ఇంకో ఊరుంది, వీధికి ఈ పక్క హాంబర్గ్, ఆ పక్క అల్టోనా. రెండూ ఎల్బ్ నది నీళ్ళే తాగేవి. పైగా అల్టోనా వాళ్ళు తోడుకునేది హాంబర్గ్ మురుగంతా కలిసిన తర్వాతి నీళ్ళు. అయినా వాళ్ళు దాదాపు బయటపడ్డారు. ఎందుకంటే వాళ్ళు నీళ్ళను ఇసుక గుండా నెమ్మదిగా దిగనిచ్చి తాగేవాళ్ళు, హాంబర్గ్ వాళ్ళు తోడినవి తోడినట్టే తాగారు. ఇసుక పైన పట్టే సన్నటి జిగురు పొర క్రిములను పట్టి తినేస్తుంది. మనం బిందె పెట్టుకుని కూర్చున్నది అట్లాంటి ఫిల్టరు పక్కనే. ఇప్పుడు ఏట్లో దిగితే ఎక్కడ ఎంత ఇసుక మిగిలిందో ట్రాక్టర్ల వాళ్ళనడగాలి. తాగునీటి బావికి 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా చట్టం కింద నిబంధన ఉంది. చట్టం వచ్చింది 2002లో. ట్రాక్టరుకు చదువు రాదు.

2021 నవంబరు వరద నీకు తెలుసు. వెలిగల్లు నుంచి వదిలిన నీళ్ళతో ఏటి మీద వంతెన కూలిపోయినప్పుడు నీకు వీడియో పంపించాను, నువ్వు ఏడ్చావు. అప్పటికి మన ఊరు నగర పంచాయతీ అయ్యి మొదటి ఎన్నికలు జరిగి వారం కూడా కాలేదు. తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో ఎర్రనీళ్ళే. ఆ ఎర్రనీళ్ళకు భయపడి, పటిక తిప్పి, వడగట్టి, తెర్ల కాచి తాగాం. ఒక్కరికీ ఏమీ కాలేదు. అద్దంలాంటి నీళ్ళు తాగిన ఏడాది పిల్లోడు ఆసుపత్రిలో పడ్డాడు.

ఇంక నీ ఇంటికి ఏం చేయాలో చెబుతాను.

బోరు తాగడానికి వద్దు. నీ జాగా మూడు సెంట్లు, 30 అడుగులకు 43 అడుగులు. లెట్రిన్ గుంతకూ బోరుకూ కనీసం 15 మీటర్లు, అంటే 50 అడుగుల ఎడం ఉండాలంటారు. మీ జాగాలో ఈ మూల నుంచి ఆ మూలకు ఐమూలగా తాడు పట్టుకుని కొలిచాను, 52 చిల్లర వచ్చింది. మేస్త్రీ ముగ్గు వేసిన చోటు నుంచి గుంతకు అందులో సగం కూడా లేదు. నీ గుంత ఒకటే కాదు, వెనకింటి వాళ్ళ గుంత కూడా మీ ప్రహరీకి ఆనుకునే ఉంది. సున్నపురాయి నెర్రెల్లో మురుగు ఎక్కడ దూరి ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పాలడబ్బా పిల్లలకు మంచిది కాదు, పసిబిడ్డ నీలంగా మారిపోయే జబ్బు దానివల్లే. నీ కూతురు కాన్పుకు వస్తుంది గదా ఈ ఇంటికి. స్నానాలకు, మొక్కలకు కావాలంటే బోరు వేసుకో. ఆ లైను వేరు, కొళాయి లైను వేరు, ఎక్కడా కలపొద్దు.

మిషను అక్కడి నుంచి మోసుకు రావద్దు. ముందు మన కొళాయి నీళ్ళు కడపలో గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులో పరీక్ష చేయిద్దాం. కాగితం మీద అంకెలు వచ్చాక, అవసరమైతే ఇక్కడే కొందాం. అవసరం లేకపోతే ఆ డబ్బు మీ అన్నకివ్వు, ఎండలో మడవలకు నీళ్ళు కడుతున్నాడు.

కొళాయిలో బ్లీచింగ్ వాసన వస్తే మీవాళ్ళు నీళ్ళు పారబోస్తారు, నాకు తెలుసు. పారబోయొద్దని చెప్పు. కొళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి ఉండాలి. ఆ వాసన కాపలావాడి దగ్గు లాంటిది. రెండు మూడు మందుచుక్కలు వేస్తే పసుపు తిరిగే సీసా ఒకటి నా దగ్గర ఉంది, నువ్వొచ్చాక చూపిస్తా.

అన్నిటికంటే ముందు చేయాల్సింది పైపు. మాది మార్చేశాను. నల్ల హెచ్‌డీపీఈ పైపు, కాలవలో జాయింటు లేకుండా ఒకటే ముక్క, దాన్ని ఇంకో లావు పైపులో దూర్చి, కాలవ గోడకు పైన, మురుగు నిండినా తగలనంత ఎత్తులో దాటించాను. రోడ్డు పగలగొట్టడానికి కట్టాల్సిన డబ్బు కట్టాను. మోటారు విప్పి అటక మీద పెట్టాను. ఇప్పుడు నీళ్ళు సన్నగా వస్తాయి, మా ఆవిడ రోజూ ఆ మాట గుర్తుచేస్తుంది. పది రోజుల తర్వాత మళ్ళీ సీసా పెట్టాను, నల్లబడలేదు. పప్పు మాత్రం ఇంకా సరిగ్గా ఉడకదు. దానికి కుక్కర్ ఉంది.

మీ ఇంటికి నిన్న ప్లంబర్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. పైపు కాలవ అడుగు నుంచే దూర్చేట్టు గుంత గుర్తుపెట్టాడు. నేను వద్దన్నాను. మీ అన్న, "రోడ్డు పగలగొడితే మళ్ళా డబ్బులు గదా సార్, అందరూ ఇట్లనే వేసుకున్నారు" అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట నేను అన్న మాటే, అక్షరం మారకుండా. నా మాట ఆయన వినడు, ఇల్లు నీది, నీ మాటే కావాలి. రేపు సోమవారం పొద్దున తొమ్మిదికి పని మొదలుపెడతారు, మీకు అప్పుడు ఆరున్నర. ఆలోపల లేచి మీ అన్నకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ బావ